పదకొండేళ్లుగా మా ఇంటి బోరు నీళ్లే తాగుతున్నాం

2014 మే నెలలో, రాష్ట్రం విడిపోవడానికి రెండు వారాల ముందు వేయించిన బోరు ఇది. చంద్రగిరి దగ్గర, స్వర్ణముఖికి అర కిలోమీటరు దూరంలో మా ఇల్లు. లోతు 460 అడుగులు, బోరు వెడల్పు ఆరున్నర అంగుళాలు, పైన మట్టి కూలకుండా దించే పైపు, అదే కేసింగ్, 60 అడుగులు. 310 దగ్గర గ్యాప్, అంటే రాతిలో పగులు, తగిలి ఒకటిన్నర ఇంచీ నీళ్లు పడ్డాయి. కేసింగ్‌తో కలిపి అప్పట్లో 48 వేలయింది.

బోరు అనగానే ఎవరైనా అడిగేది రెండే: ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచీలు. ఇన్నేళ్లు వాడాక నాకనిపించేది, ఆ రెండూ మోటారు లెక్కలు. నీళ్లు తాగొచ్చా లేదా అన్నది పైనున్న 60 అడుగుల దగ్గర, అందులోనూ నేల మీద కనిపించే మూత దగ్గర తేలిపోతుంది. మాకిది ఏడేళ్లు గడిచాక, పిల్లోడికి సెలైన్ ఎక్కించాక గానీ తెలిసిరాలేదు.

మొదట వేసిన బోరు ఫెయిల్. నీళ్ల జాడ చూడ్డానికి పట్టుకున్న కొబ్బరికాయ నిలబడిన చోట 350 అడుగులు వేస్తే దుమ్ము తప్ప ఇంకేం రాలేదు. రెండోది మీటరు పెట్టి చూసిన పాయింటు, పడ్డాయి. దీంతో ఏదో రుజువైందని నేననను, పక్కింటాయనకి సరిగ్గా తిరగబడి జరిగింది. చెప్పాల్సింది వేరే ఉంది. ఫెయిలైన బోరు చూపించి, మాకు బోరు బండి మాట్లాడిపెట్టిన ఏజెంటు "దీన్ని వేస్ట్ చేయడం ఎందుకు సార్, సెప్టిక్ ట్యాంకు అవుట్‌లెట్ దీంట్లోకి ఇచ్చేయండి, జన్మలో నిండదు" అన్నాడు. మా ఆయన దాదాపు సరేననేశాడు. మామయ్య వినలేదు. రాళ్లు, బంకమట్టి పోసి పైదాకా పూడ్పించాడు. ఆ బోరుకీ రెండోదానికీ మధ్య నలభై అడుగులు కూడా లేవు. ఆ రోజు ఆయన ఒప్పుకొని ఉంటే మా మురుగు మేమే తాగేవాళ్లం. వదిలేసిన బోర్లు అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అది పిల్లలు పడిపోకుండా చెప్పిన మాటే, నీళ్లకీ అదే మందు.

మామయ్య చేసిన ఇంకో మేలు కేసింగ్. మాది గ్రానైటు నేల. పైన ఎర్రమట్టి, దాని కింద గరుసు, తర్వాత మెత్తరాయి, ఆ కింద గట్టిరాయి. కేసింగ్ గట్టిరాయిలో కూర్చోవాలి. కంప్రెసర్ గాలికి పొడి పైకి ఎగజిమ్ముతుంటే మామయ్య చేట పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. 40 అడుగుల దాకా ఎర్రగా వచ్చింది. 45 దగ్గర బూడిదరంగు నూక మొదలైంది. బండి మీద ఉన్న తమిళబ్బాయి "రాయి వచ్చేసింది అయ్యా, కేసింగ్ చాలు" అన్నాడు. మామయ్య గుప్పెడు నూక తీసుకుని చెంబులో నీళ్లు పోసి కడిగి అరచేతిలో పరిచాడు. రవ్వలు నల్లగా, తెల్లగా మెరుస్తున్నాయి గానీ కొన్నింటి అంచుల్లో తుప్పు మరకలా పసుపు. "ఇది ఇంకా పండలేదురా అబ్బోడా, ఇంకో పైపు దించు, దానికింకొకటి" అన్నాడు. అడుగు 260 రూపాయల పైపు అది, మా ఆయన మొహం చూడాలి. పసుపు మరక ఉందంటే ఆ రాయిలోకి పైనుంచి నీళ్లు దిగుతున్నట్టే. రాతి సందుల్లో పారే నీళ్లని మట్టి వడపోసినట్టు ఏదీ వడపోయదు, పైనుంచి దిగిన మురికి దిగినట్టే అడుక్కి చేరుతుంది.

ఇంత జాగ్రత్తపడి, చివర్లో బోల్తా పడ్డాం. కారు పెట్టుకోవాలని కేసింగ్‌ని నేల కిందికి కోయించి, చుట్టూ రెండడుగుల గుంత కట్టించి, పైన కడప బండ వేయించాం. మా వీధిలో అందరివీ అలాగే ఉన్నాయి. పైపు మీద మూత ఉందిగానీ మోటారు వైరు దిగే కంత అలాగే వదిలేశారు. కేసింగ్‌కీ చుట్టూ మట్టికీ మధ్య సందులో సిమెంటు పోయాలని అప్పుడెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

2021 నవంబరు వానలు తిరుపతి వైపు వాళ్లెవరూ మర్చిపోరు. శ్రీకృష్ణ నగర్‌లో ఒకరింటి సంపు ఒరలు భూమిలోంచి పైకి లేచాయని టీవీలో చూసింది ఆ వానల్లోనే. మా గుంత నిండి, వైరు కంత గుండా వీధి నీళ్లు బోరులోకి దిగాయి. మాకేమో తెలియదు. ఇంట్లో టీడీఎస్ మీటరుంది. ఎప్పుడూ 780 చూపించేది ఆ వారం 520కి దిగింది. "వాననీళ్లు కలిశాయి, నీళ్లు తేటబడ్డాయి" అని అత్తమ్మ సంబరపడి రెండు బిందెలు ఎక్కువ పట్టింది. కలిసింది వాననీళ్లేగానీ వచ్చింది కాలువలోంచి. మీటరు నీళ్లలో కరిగిన ఉప్పుల్ని లెక్కపెడుతుంది, రోగాలు తెచ్చే క్రిముల్ని కాదు. నాలుగో రోజుకి ఇంట్లో ఐదుగురికీ విరేచనాలు.

తర్వాత హెచ్‌టూఎస్ సీసా తెచ్చాం, నీళ్లలో మురుగు క్రిములుంటే నల్లబడే పరీక్ష సీసా అది. గీత దాకా నీళ్లు నింపి, మూత బిగించి అలమరలో పెట్టడమే. మంచి నీళ్లయితే రెండు రోజులైనా రంగు మారదు. మాది పొద్దున పెడితే రాత్రి భోజనాల వేళకే బొగ్గులా నల్లబడింది.

బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. లెక్క కట్టుకుంటే కష్టమేం కాదు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకి ఆరున్నర లీటర్లు పడతాయి. అప్పుడు నీటిమట్టం 25 అడుగులకి వచ్చేసింది. అంటే 435 అడుగుల నీళ్లు, సుమారు 2,800 లీటర్లు. లీటరుకి 100 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున 280 గ్రాములు. కొత్త పౌడర్‌లో మూడో వంతే క్లోరిన్ ఉంటుంది కాబట్టి 850 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైతేటే పోశాం. మోటారు వేసి, కుళాయికి తగిలించిన పైపుని మళ్లీ బోరులోకే వదిలి గంటసేపు తిప్పాం. ప్రతి కుళాయిలో వాసన వచ్చేదాకా విప్పి, కట్టేసి, మర్నాటి దాకా ముట్టుకోలేదు. తర్వాత వాసన పోయేదాకా నీళ్లు బయటికి వదిలాం. చెట్లకి పెట్టకండి, మా కరివేపాకు చెట్టు అలాగే పోయింది. వారం తర్వాత పెట్టిన సీసా కూడా నల్లబడింది. గుంత సరిచేయకుండా మందు పోస్తే ఏం లాభం? గుంత పూడ్పించి, కేసింగ్‌కి ముక్క అతికించి నేలకి రెండడుగుల పైకి లేపి, చుట్టూ తవ్వి సందులో సిమెంటు పోయించి, బయటికి వాలుగా గట్టు కట్టించాం. వైరు కంతకి రబ్బరు బిగించాం. రెండోసారి క్లోరిన్ వేశాక సీసా రంగు మారలేదు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు పెడుతున్నా, వానలకి ముందొకటి, తర్వాతొకటి.

మోటారు సంగతి ఎక్కువ లేదు. రెండు హెచ్‌పీ, 380 అడుగుల దగ్గర వేలాడుతోంది. 2019 ఎండాకాలంలో నీళ్లు దిగిపోయి, ఒట్టిగా తిరిగి కాలిపోయింది. నీళ్లు అందకపోతే ఆగిపోయే స్విచ్ అప్పుడు పెట్టించాం.

ఇప్పటికీ నాకు కుదురు లేనిది నైట్రేటు, మురుగు నుంచి నీళ్లలోకి దిగే ఉప్పు. ల్యాబులో మొదటి ఏడాది లీటరుకి 28 మిల్లీగ్రాములు వచ్చింది, పోయిన ఏడాది 41. హద్దు 45. ఫ్లోరైడు 0.9 దగ్గరే ఉంది, ఆ భయం లేదు. సెప్టిక్ ట్యాంకుకీ బోరుకీ యాభై అడుగులైనా ఉండాలంటారు. మూడు సెంట్ల స్థలాల్లో యాభై అడుగులు ఎక్కడ తెస్తాం? మాది అటు మూలన పెట్టినా, పక్కింటి ఇంకుడు గుంత గోడకవతలే ఉంది. కాచితే నైట్రేటు పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పోయిన ఏడాది నుంచి తాగేవాటికి ఆర్వో పెట్టాం, అది వదిలే నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుతున్నాం.

మార్కులు వేయమంటే బోరు వేసినవాళ్లకి ఐదుకి మూడు. తవ్వడం బాగా తవ్వారు, కట్టి వెళ్లడం తెలియదు. మామయ్య చేటకి ఐదుకి ఐదు. కొత్తగా వేయించేవాళ్లు బేరమాడేటప్పుడు అడుగు రేటు తగ్గించమనే ముందు, కేసింగ్ పైన రెండడుగులు వదలడం, సందులో సిమెంటు పోయడం కూడా పనిలో కలిపి మాట్లాడుకోండి. బండి వెళ్లిపోయాక అవే పనులకి మాకు పదకొండు వేలయింది. గట్టు అడ్డమై కారు లోపలికి పట్టడం లేదు. నాలుగేళ్లుగా వీధిలోనే ఉంటోంది, మా ఆయన ఇప్పటికీ దాని గురించి సణుగుతూనే ఉన్నాడు.