వెబ్ ఆప్షన్లకు ఈ నెట్ సెంటర్‌కు వెళ్లొచ్చు

తమ్ముడికి తెలంగాణలో ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష టీజీ ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చాక, వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచీల ఆన్‌లైన్ జాబితా, సిద్దిపేటలో మా ఇంటి దగ్గరి నెట్ సెంటర్‌లో పెట్టాం. అది నడిపే అన్న ఫలానా కాలేజీలో చేరమని ఎవరికీ చెప్పడు. అది నాకు చాలా నచ్చింది. ముందటి ఏడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చూపే చివరి ర్యాంకుల జాబితా ప్రింటు తీసి చేతికిచ్చి, "మీ కేటగిరీ కాలమ్ చూస్కో తమ్మీ, ఇష్టమైన వరుసలో కాగితం మీద రాసుకొని రా" అన్నాడు.

ఆ వరుసే ప్రాణం. పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు మొదట అందిన దగ్గరే సీటిస్తారు. అందుకే కష్టమనిపించినా జేఎన్‌టీయూ కంప్యూటర్ సైన్స్‌ను తమ్ముడు మొదట్లోనే పెట్టాడు. రాకపోయినా కింది ఆప్షన్లకు నష్టమేం లేదు. పాస్‌వర్డ్ వాడితోనే కొట్టించారు, సేవ్ అయిన జాబితా ప్రింటు అడగకుండానే ఇచ్చారు.

అక్కడ పనిచేసే కుర్రాడు మాత్రం పక్కనున్న అమ్మాయికి "పది పెడితే చాలు" అంటున్నాడు. అది తప్పు సలహా. ఆప్షన్లకు పరిమితి లేదు, తక్కువ పెడితే ఆ విడత కౌన్సెలింగ్‌లో సీటే రాకపోవచ్చు. ఆ అమ్మాయి నాన్నకు నేనే చెప్పాను, ఇంకా చేర్చారు. చివరి రోజు వెళ్లకండి, విపరీతమైన రద్దీ, టెన్షన్.