వైజాగ్‌లో యాప్ చేయించుకోబోయే చిన్న వ్యాపారులకి: తెర మీది బొమ్మలు చూసి డబ్బు కట్టకండి

ఈ జనవరిలో నేనూ మా తమ్ముడూ ఒక యాప్‌కి ₹1,80,000 ఒప్పుకున్నాం. అందులో ₹1,20,000 కట్టేశాం. ఈ రోజు ఆ యాప్‌లో ఆర్డర్లు ఆపేసి మళ్లీ వాట్సాప్‌లోనే తీసుకుంటున్నాం. పచ్చళ్లు, టిఫిన్లు, కూరగాయలు ఇళ్లకి పంపేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఇప్పుడు యాప్ ఆలోచనలో ఉన్నారు. నన్నే ముగ్గురు అడిగారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. పద్ధతి చూసి గుర్తుపట్టండి, ఎందుకంటే ఇలా చేసేది ఒక్కరే కాకపోవచ్చు.

మాది చేపల వ్యాపారం. తమ్ముడు తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి సరుకు తెస్తాడు. ఆర్డర్లు, లెక్కలు నావి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెం వైపు రెండొందల ఇళ్ల దాకా ఉన్నాయి. ఫోన్ చేసి "అమ్మా, కోనాం వచ్చిందా? తల తీసెయ్, పులుసు ముక్కలు కొట్టించు" అంటారు. మా వ్యాపారమంతా ఆ ఒక్క మాటలో ఉంది. యాప్ చేయాల్సిన పని కూడా అంతే.

కొటేషన్‌లో 'యూఎక్స్ రీసెర్చ్' అని విడిగా ₹35,000 వేశారు. కొనేవాళ్లు ఎలా వాడతారో తెలుసుకునే పని అది, చాలా అవసరమని చెప్పారు. అవసరమే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ చేసిందేమిటి? ఇంటర్నెట్ నుంచి తెచ్చిన మూడు ఫోటోల కింద మూడు పేర్లు రాసి, 28 ఏళ్ల సాఫ్ట్‌వేర్ అమ్మాయి, జిమ్‌కి వెళ్లే కుర్రాడు, బిజీగా ఉండే తల్లి అని నాలుగు పేజీలు ఇచ్చారు. మా కస్టమర్లలో ఒక్కరికైనా ఫోన్ చేయలేదు. నంబర్లు ఇస్తానంటే "అవసరం లేదు మేడం, మా దగ్గర డేటా ఉంది" అన్నారు. అక్కడే లేచి వచ్చేయాల్సింది.

తర్వాత పెద్ద టీవీ మీద ఫిగ్మాలో, అంటే యాప్ స్క్రీన్లు బొమ్మలుగా గీసే సాఫ్ట్‌వేర్‌లో, స్క్రీన్లు చూపించారు. నీలం అలలు, మెరిసే చేపలు, సన్నటి అక్షరాలు. మాకిద్దరికీ నచ్చేసింది. రెండో వాయిదా ఆ రోజే కట్టాం.

ఏప్రిల్ మొదట్లో యాప్ వచ్చింది. మొదటిరోజే మా పాత కస్టమర్ ఒక పిన్నిగారి పక్కన కూర్చున్నాను. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని వాడతారు. యాప్ తెరిస్తే చేపలు కనిపించలేదు, ముందు ఫోన్ నంబర్, ఓటీపీ అడిగింది. నంబర్ కొట్టాల్సిన చోట అంకెల కీబోర్డు బదులు అక్షరాల కీబోర్డు వచ్చింది. అది దాటి లోపలికి వెళ్తే తెలుగు చదవలేని స్థితిలో ఉంది. 'రొయ్యలు' కింద య వత్తు కోసుకుపోయి 'రొయలు' అయింది. 'ముక్కలు' కాస్తా 'ముకలు'. ఇంగ్లిష్ అక్షరాల కొలతకి గీసిన పెట్టెలో మన లిపిని కుక్కితే అంతే. మనకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి, వరుసకీ వరుసకీ మధ్య చోటు ఎక్కువ కావాలి. తెలుగువాళ్లు తెలుగువాళ్ల కోసం, తెలుగు ఊళ్లో చేసిన యాప్‌లో ఈ తప్పు రావడం నాకు మిగతా వాటన్నిటికంటే బాధగా అనిపించింది.

పిన్నిగారు కోనాం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతికారు. ఏమీ రాలేదు. ఆ చేప అందులో 'సీర్ ఫిష్' అనే ఇంగ్లిష్ పేరుతోనే ఉంది. ఎలాగో అది పట్టుకుని, కేజీ పెట్టి, బిల్లు దగ్గరికి వెళ్లబోతే బటన్ లేదు. అక్షరాలు పెద్దవి కావడంతో అది తెర కిందికి జారిపోయింది, ఆ స్క్రీనేమో పైకి జరగదు. వెనక్కి నొక్కితే యాప్ మూసుకుపోయింది, బుట్ట ఖాళీ. "నాకు చేతకావట్లేదమ్మా, నువ్వే రాసుకో" అన్నారావిడ. చేతకానిది ఆవిడకి కాదు. నలభై ఏళ్లుగా హార్బర్ చేపని కన్నుతోనే తూకం వేసే మనిషి ఆవిడ.

ఇవి చెబితే సంస్థ మనిషి "అలవాటైపోతుంది మేడం, ఇది ప్రీమియం లుక్" అన్నాడు. అప్పట్నుంచి నేనే చదవడం మొదలుపెట్టాను. నేర్చుకున్నది మీకూ చెబుతాను, వాళ్ల ముందు మాట్లాడటానికి పనికొస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లకి గూగుల్ ఇచ్చిన డిజైన్ సూచనల ప్రకారం వేలితో నొక్కే ఏ బటనైనా కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర మీద వాడే కొలత) ఉండాలి, అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. మా యాప్‌లో పరిమాణం పెంచే ప్లస్ గుర్తు అందులో సగం కూడా లేదు. చేప కడుగుతూ తడి చేత్తో ఫోన్ తీసేవాళ్లకి అది ఎలా అందుతుంది? మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి, యాప్‌లకీ అదే కొలత వాడతారు. మావి తెల్లటి తెర మీద లేత బూడిద రంగు. మధ్యాహ్నం బీచ్ రోడ్డు ఎండలో మా డెలివరీ బాబు డోర్ నంబర్ చదవలేక నాకు ఫోన్ చేసేవాడు. పైగా అడ్రస్‌లో గుర్తు రాసుకునే గడి లేదు, మ్యాప్ మీద సూది గుచ్చడమే. రైతు బజార్ వెనక రెండో సందు, మెడికల్ షాపు మేడ మీద అని చెప్పుకునే ఊరు మనది.

అసలు నష్టం ఏప్రిల్ 15న వచ్చింది. తూర్పు తీరంలో ఏటా ఆ రోజు నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. హార్బర్ పక్క పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. మా యాప్‌లో మాత్రం అన్ని చేపలూ కనబడుతూనే ఉన్నాయి, జనం డబ్బులు కట్టేస్తున్నారు. 'ఈ రోజు లేదు' అని చూపించే స్క్రీనే గీయలేదు. అడిగితే అది 'అదనపు పని', ₹25,000 అన్నారు. ఆ వారం రోజులూ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, క్షమించమని చెప్పి డబ్బు తిరిగి వేశాను. ఇద్దరు పాత కస్టమర్లు ఇంకా మాట్లాడటం లేదు.

ఇంకో విషయం. మమ్మల్ని అడక్కుండా ప్రతి బుట్టలోనూ ఒక మసాలా ప్యాకెట్ ముందే టిక్ పెట్టి ఉంచారు, 'రెండే మిగిలాయి' అని లేని హడావిడి కూడా రాశారు. అమ్మకాలు పెరుగుతాయట. ఇలాంటి మోసపు డిజైన్లని 13 రకాలుగా గుర్తించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. ఈ రెండూ అందులో ఉన్నాయి. యాప్ మన పేరు మీద నడుస్తుంది కాబట్టి జవాబు చెప్పాల్సిందీ మనమే. ఆ టిక్‌లు నేను పట్టుబట్టి తీయించాను.

చివరి వాయిదా ఆపేసి, ఫిగ్మా ఫైలు, కోడ్ ఇమ్మన్నాను. ఇచ్చేది లేదన్నారు. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం మన దగ్గర జీతానికి పనిచేయని బయటివాళ్లు రాసిన కోడ్‌కి మొదటి హక్కుదారులు వాళ్లే. సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే మనదవుతుంది. మా ఒప్పందంలో ఆ వాక్యం లేదు. యాప్‌ని కూడా వాళ్ల ప్లే స్టోర్ ఖాతాలోనే పెట్టారు, వాళ్లు కదిలిస్తే తప్ప మన ఖాతాలోకి రాదు. సొంతంగా ఖాతా తెరవడానికి గూగుల్‌కి ఒక్కసారి కట్టేది 25 డాలర్లు. దాని గురించి మాకెవరూ చెప్పలేదు.

కాబట్టి దయచేసి ఖాతా మీ పేరు మీద తెరిచాకే పని మొదలుపెట్టించండి. కోడ్, డిజైన్ ఫైళ్ల హక్కులు బదిలీ చేస్తున్నట్టు ఒప్పందంలో రాయించండి. రెండో వాయిదాని స్క్రీన్ల అందానికి ముడిపెట్టకండి. మీ కస్టమర్లలో ఐదుగురు, వాళ్ల సొంత ఫోన్లలో, ఎవరూ నోరు విప్పకుండా ఆర్డర్ పూర్తి చేస్తేనే కడతామని రాయించండి. ఐదుగురితో పరీక్షిస్తే చాలు, వాడకంలో ఉన్న ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని వాడకం తీరు మీద పరిశోధన చేసే జాకబ్ నీల్సన్ 2000లోనే లెక్క చెప్పాడు. ఖర్చల్లా ఒక సాయంత్రం, ఐదు టీలు. ఆ ఐదుగురిలో ఒకరు పెద్ద అక్షరాలు పెట్టుకునేవాళ్లు, ఒకరు పాత చవక ఫోన్ వాడేవాళ్లు ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు డిజైన్ చదువుకున్న ఒక అమ్మాయి మాతో పనిచేస్తోంది. ఇంకా కంప్యూటర్ తెరవలేదు. పోయిన ఆదివారం తెల్ల కాగితాల మీద పెన్సిల్‌తో స్క్రీన్లు గీసుకుని పిన్నిగారింటికి వచ్చింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, 'కోనాం' అని రాసిన చోట వేలు పెట్టి, "తల వద్దని ఎక్కడ చెప్పాలమ్మా?" అని అడిగారు. ఆ అమ్మాయి అక్కడే ఇంకో గడి గీసింది.