జియోజీబ్రా త్రీడీ: స్లైడర్ కోసమే ఉంచుకున్నాను

లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా త్రీడీ కాలిక్యులేటర్ యాప్‌లో బొమ్మను వేలితో అటూ ఇటూ తిప్పొచ్చని అందరూ మెచ్చుకుంటారు. నాలుగు రోజులు పోతే పిల్లలకు అది మామూలైపోతుంది. నేను మాత్రం ఇందులో స్లైడర్‌కి, అంటే వేలితో జరిపితే ఒక సంఖ్య విలువ మారే పట్టీకి పడిపోయాను.

శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో బీటెక్ మొదటి ఏడాదికి లెక్కలు చెబుతాను. ఒక షరతుకి లోబడి మాక్సిమమ్, మినిమమ్ కనుక్కునే లగ్రాంజ్ మల్టిప్లయర్ల లెక్క మా పిల్లలు చకచకా చేసేస్తారు. లాంబ్డా అనే ఆ మల్టిప్లయర్ విలువ తీసేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. రెండు గ్రేడియెంట్లూ (విలువ అన్నిటికంటే వేగంగా పెరిగే దిశను చూపే బాణాలు) ఒకే గీత మీద ఎందుకుండాలి అని అడిగానా, అందరి తలలూ నోటుపుస్తకాల్లోకి పోతాయి.

అందుకని వృత్తం మీద ఎక్స్‌వై విలువ ఎంత పెద్దదవుతుందో, ఎంత చిన్నదవుతుందో చూద్దామని, పైనుంచి చూస్తే వృత్తంలా కనబడే ఎక్స్²+వై²=1 గీయించి, పక్కన ఎక్స్‌వై=సీ అని కొట్టించాను. సీ అంటే ఏమిటో చెప్పకపోతే దానికి స్లైడర్ పెట్టేస్తుంది. సీ 0.3 దగ్గర ఎక్స్‌వై=సీ గీసే వక్రం, అంటే హైపర్‌బోలా, వృత్తాన్ని కోసుకుంటూ పోతుంది. 0.6 దగ్గర అసలు అందదు. సరిగ్గా 0.5 దగ్గర ఊరికే తాకి ఊరుకుంటుంది. తాకిన చోట రెండు వక్రాలకీ స్పర్శరేఖ ఒకటే, కాబట్టి దానికి లంబంగా ఉండే గ్రేడియెంట్లు కూడా ఒకే గీత మీదకి రాక తప్పదు. వెనక బెంచీలో ఒకమ్మాయి ఎవరూ చెప్పకుండానే స్లైడర్‌ని ఎడమకి లాగి, "మైనస్ 0.5 దగ్గర అటువైపు రెండు చోట్ల తాకిందండి మాస్టారూ, మినిమమ్ అదేనా?" అంది. ఆ పూట ఇక బోర్డు మీద రాయడానికి నాకేమీ మిగల్లేదు.

ఆ ఊపులో కనబడిన ప్రతివాళ్లకీ దీన్ని వేసుకోమని చెప్పాను. ఇప్పుడు చెప్పేటప్పుడు కాస్త ఆగి చెబుతున్నాను.

కారణం లిమిట్ల పాఠం. ఒక బిందువు దగ్గరికి ఏ దారిన వెళ్లినా ఒకే విలువ వైపు వస్తేనే అక్కడ లిమిట్ ఉన్నట్టు. ఎక్స్²వై బై ఎక్స్⁴+వై² అనే పాత లెక్క ఉంది కదా, మూలబిందువు దగ్గర లిమిట్ లేనిది. ఒక కుర్రాడు దాని బొమ్మ వేసి చూపించి, "మధ్యలో అతుక్కునే ఉంది కదా మాస్టారూ, లేదంటారేటి?" అన్నాడు. చూస్తే నిజంగానే కాస్త ముడతపడిన దుప్పటిలా ఉందే తప్ప తెగినట్టు లేదు. ఇది ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌కే ఉన్న లోపం కాదు. ఇలాంటివన్నీ కొన్ని చుక్కల దగ్గర విలువలు కట్టి మధ్య ఖాళీని నునుపుగా పూడ్చేస్తాయి, తేడా అంతా మూలబిందువుకి అతి దగ్గర్లో ఉంటే అది ఆ పూడికలో పోతుంది. కానీ తెర మీద కళ్లారా చూసినదాన్ని పిల్లాడు ఎలా కాదనుకుంటాడు?

చివరికి మళ్లీ స్లైడరే ఆదుకుంది. వై=కేఎక్స్² దారిని ఉపరితలం మీద వక్రంగా గీయించాను. ఆ దారి పొడవునా ఎత్తు కే బై 1+కే², ఎక్కడా మారదు. కే 1 అయితే 0.5, 2 అయితే 0.4, సున్నా అయితే సున్నా. కే జరుపుతుంటే మూలబిందువు దగ్గరికి వచ్చే గీత ఒక్కోసారి ఒక్కో ఎత్తులో వస్తుంది. కుర్రాడు ఒప్పుకున్నాడు. బొమ్మను ముందే నమ్మేసిన మిగతా క్లాసుని ఒప్పించడానికి ఇంకో గంట పట్టింది.

ఇలాంటిదే డెస్మోస్ త్రీడీ 2023లో వచ్చింది, టైప్ చేయడం దానిలోనే హాయి అని మా పిల్లలు అంటారు. పాల్ సీబర్గర్ అనే అమెరికా ప్రొఫెసర్ చేసిన కాల్క్‌ప్లాట్‌త్రీడీ అచ్చంగా ఈ సబ్జెక్టు, అంటే ఒకటికి మించి చలరాశులుండే కాలిక్యులస్ కోసమే ఉన్నది, ప్రతి బిందువు దగ్గరా ఒక బాణం గీసే వెక్టర్ ఫీల్డులకి నేను అటే పోతాను. కాకపోతే అది బ్రౌజర్‌లో వాడేది, మీట నొక్కితే చాలనుకునే ఫోన్ పిల్లలకు దాని మెనూలు కొంచెం బెదురు. మావాళ్లలో సోంపేట, పలాస వైపు నుంచి వచ్చేవాళ్లున్నారు. తుపాను రోజుల్లో అక్కడ సిగ్నల్ సంగతి తెలిసిందే. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేసే యాప్ వాళ్లకి కావాలి. నేను జియోజీబ్రాతోనే ఉండిపోవడానికి సగం కారణం అదే. మంచి కంప్యూటర్ ల్యాబ్, ఆగని నెట్ ఉన్న కాలేజీ అయితే నా మాట పట్టించుకోనక్కర్లేదు. చదువుకునేవాళ్లకి ఇది ఉచితమే, వ్యాపారానికి వాడాలంటే వేరే షరతులున్నాయి. కోచింగ్ సెంటర్లవాళ్లు అవి చూసుకుని దిగడం మంచిది.

ట్రిపుల్ ఇంటిగ్రల్ లిమిట్లు (ఘనపరిమాణం లాంటివి కట్టేటప్పుడు ఎక్కడినుంచి ఎక్కడిదాకా అనే హద్దులు) మాత్రం ఇప్పటికీ బోర్డు మీద నీడ గీసే చెబుతున్నాను. చిన్న ఫోన్ తెర మీద మూడు ఉపరితలాలు ఒకదాన్నొకటి కప్పేస్తే లోపలి ప్రాంతం ఏదో నాకే సరిగ్గా ఆనదు.