పాత జీపుల ఇంజన్లకు నమ్మదగిన షెడ్డు

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళే రహదారి పక్కన ఉన్న ఈ చిన్న షెడ్డులో ప్రధానంగా పాత మహీంద్రా డీజిల్ జీపులకు పని చేస్తారు. మాది 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను ఉన్న ఎం.ఎం.540. కొంతకాలంగా అది త్వరగా వేడెక్కుతోంది, రేడియేటర్‌లో నీళ్ళు తరచూ తగ్గిపోతున్నాయి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే తెల్లటి పొగ వస్తోంది. అంతకుముందు చూపించిన వేరే ఊరి మెకానిక్ బానెట్ సైతం ఎత్తకుండా ఇంజను బోరు చేయించాలని, అంటే సిలిండర్ల లోపలి గోడలు చెక్కించాలని తేల్చేశాడు.

ఇక్కడి పెద్దమేస్త్రిగారు ఇంజను పూర్తిగా చల్లారేవరకు ఆగి, రేడియేటర్ మూత తీసి స్టార్టు చేయించి, నీటిలోంచి బుడగలు ఎగదన్నడం నాకు చూపించారు. తరువాత ఆయిల్ పోసే మూత తీసి, అక్కడ పొగ ఒత్తిడి పెద్దగా లేదు కాబట్టి పిస్టన్ రింగులు, సిలిండర్ లోపలి లైనర్లు ఇంకా పనికొస్తాయని, పోయింది హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లపై మూతలా ఉండే హెడ్డుకూ ఇంజను దిమ్మకూ మధ్య పెట్టే పొర) అయి ఉంటుందని చెప్పారు. హెడ్డు దించాక ఆయన మాటే నిజమైంది.

నాకు అంతకన్నా నచ్చినది, గ్యాస్కెట్ మార్చి చేతులు దులుపుకోకుండా అది ఎందుకు పోయిందో వెతకడం. హెడ్డును లేత్ షాపుకు పంపి వంపు సరిచేయించారు. రేడియేటర్ విప్పితే గొట్టాల్లో సున్నంలాంటి తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంది. సముద్రం దగ్గరి మన ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగానో చౌడుగానో ఉంటాయి కనుక, వాటిని ఏళ్ళ తరబడి రేడియేటర్‌లో పోస్తే దారులు మూసుకుపోయి, ఇంజను వేడెక్కి, చివరికి హెడ్డు వంగుతుందని ఆయన వివరించారు. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు కలిపి పోయనిదే బండి బయటికి వదలలేదు.

షెడ్డులో ఒక బల్లమీద వంగిన కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్‌ను కింది షాఫ్టుకు కలిపేవి) కొన్ని ఉంచారు. లంకల్లోకి వరద నీళ్ళలో దిగిన జీపులవి. ఎయిర్ క్లీనర్ గుండా నీళ్ళు సిలిండర్‌లోకి చేరితే, గాలిలా నీరు నొక్కుకుపోదు కాబట్టి పైకి వచ్చే పిస్టన్ ఆగిపోయి రాడ్డు వంగుతుంది. నీళ్ళలో ఆగిపోయిన బండికి మళ్ళీ సెల్ఫ్ కొట్టకుండా, ఒడ్డుకు లాగి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పి నీళ్ళు బయటికి పోనిస్తే చాలావరకు ఇంజను దక్కుతుంది. లంక ఇసుకలో తిరిగే జీపుల ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ మార్చకపోతే దుమ్ము రింగులను తినేస్తుందన్న హెచ్చరిక కూడా ప్రతి బండి యజమానికీ అవసరమే.

లోపాలూ ఉన్నాయి. డీజిల్ పంపు, నాజిళ్ళ పని రాజమహేంద్రవరం పంపిస్తారు, అందువల్ల చెప్పిన గడువు దాటుతుంది. బిల్లులో సామాను ధర, కూలి విడివిడిగా రాయరు. అడిగితే నోటితో చెబుతారు. ఇంత శ్రద్ధగా పని చేసేవారు ఆ వివరం కాగితంమీద పెట్టి తీరాలి. తీసేసిన పాత సామాను మాత్రం అడగకుండానే మన చేతికిస్తారు.

జిప్సీలాంటి పెట్రోలు బండ్లున్నవారు ముందుగా కనుక్కుని వెళ్ళాలి; కార్బురేటర్ పని తెలిసిన మనిషి ఇక్కడ లేరు.