డ్రంక్ డ్రైవింగ్ కేసులో ‘గ్యారంటీ అప్పీలు’ అంటే డబ్బు కట్టకండి

తాగి బండి నడిపిన కేసులో శిక్ష పడి, అప్పీలు కోసం వెతుకుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. మా బావమరిదికి శిక్ష పడినప్పుడు ‘వంద శాతం కొట్టేయిస్తాం’ అన్న ఓ సంస్థకు ఫీజు మొత్తం ముందే కట్టాం. డబ్బు అందేదాకా రోజూ ఫోన్లు. అందాక ‘ఫైలు లాయర్‌ గారి దగ్గరుంది’ అనే మాటొక్కటే. ఏ లాయరో చెప్పరు!

చివరికి వాళ్లు రాసిన అప్పీలు చూస్తే అందులో మా కేసే లేదు. ‘ఊదించే మెషీన్ సరిగ్గా పనిచేయలేదు’ అని ఒక్క ముక్క, అంతే. ఆ మెషీన్‌కి చివరిసారి క్యాలిబ్రేషన్, అంటే రీడింగ్ సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూడటం, ఎప్పుడు జరిగింది? ఊదించే ముందు ఆగారా? అప్పుడే తాగితే నోట్లో మిగిలిన మందు వల్ల రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, అందుకే సాధారణంగా 15 నిమిషాలు ఆగి పరీక్ష చేస్తారు. ఇలాంటివి దొరికేది కింది కోర్టు రికార్డులో. దాని కాపీకి వాళ్లు దరఖాస్తే పెట్టలేదు.

చాలాచోట్ల అప్పీలంటే కేసు మళ్లీ మొదటి నుంచి నడపడం కాదు. ఉన్న రికార్డు చూసి, తీర్పులో తప్పుందా అని మాత్రమే పరిశీలిస్తారు. నేరం ఒప్పుకుని ఉంటే దారి ఇంకా ఇరుకు, చాలాసార్లు శిక్ష గురించే వాదించనిస్తారు. ఒప్పుకున్నారా లేదా అని వీళ్లు మమ్మల్ని అడగనేలేదు. ఇంగ్లండ్‌లో మెజిస్ట్రేట్ కోర్టు తీర్పు మీద క్రౌన్ కోర్టుకు వెళ్తే విచారణ కొత్తగా జరుగుతుంది, కానీ అక్కడ శిక్ష పెరగనూవచ్చు. కాబట్టి ‘పోతే ఫీజే కదా’ అనుకోవద్దు.

అన్నిటికన్నా ఒళ్లు మండించింది ఇంకోటి. ‘అప్పీలు వేశాం, ఇక బండి తీయొచ్చు’ అన్నారు. కోర్టు స్టే ఇవ్వకుండా లైసెన్సు నిషేధం దానంతటదే ఆగుతుందని ఎక్కడా అనుకోకండి. మావాడు నమ్మి బండి తీసుంటే ఇంకో కేసు పడేది. పైగా అప్పటికి వాళ్లు అప్పీలు వేయనేలేదు! గడువు దాటిపోయింది. ఇప్పుడు వేరే లాయర్ ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేశారు, ఒప్పుకోవడం కోర్టు ఇష్టం.

ఫీజు కట్టేముందు లాయర్ పేరు, ఆఖరి తేదీ, రికార్డు ఎవరు తెస్తారన్నది కాగితం మీద రాయించుకోండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు అప్పీలు నంబరు అడిగి, అది నిజంగా నమోదైందో లేదో నేరుగా కోర్టు ఆఫీసులోనే కనుక్కోండి.