డెన్వర్‌లో ఇరుక్కున్న మూడు రోజులు: 2022 డిసెంబర్ మంచు తుఫానులో మా ప్రయాణం

నాన్న డైరీలో ఆ రోజు పేజీలో రెండే లైన్లు ఉన్నాయి. "21-12-2022, బుధవారం. మధ్యాహ్నం 3.50కి 41 డిగ్రీలు. సాయంత్రం 4.35కి 6 డిగ్రీలు." రెండూ ఫారెన్‌హీట్ లెక్కలు, మా అద్దె కారు మీటరులో కనిపించినవి. మన లెక్కలో చెప్పాలంటే 5 డిగ్రీల నుంచి మైనస్ 14కి. ముప్పావుగంటే పట్టింది. తర్వాత వార్తల్లో చూస్తే డెన్వర్ ఎయిర్‌పోర్ట్‌లో ఆ సాయంత్రం ఒక్క గంటలో ఫారెన్‌హీట్ లెక్కలో 37 డిగ్రీలు పడిపోయిందట. మర్నాడు అది మైనస్ 24కి, అంటే మన లెక్కలో మైనస్ 31కి దిగింది. తెనాలిలో సంక్రాంతి చలికే మఫ్లర్ చుట్టుకునే మనిషి మా నాన్న.

అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చారు. మంచు చూడాలన్నది అమ్మ కోరిక. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాబట్టి మంచు కోసం ఎటైనా వెళ్లాల్సిందే. కొలరాడో అయితే రెండు గంటల ఫ్లైట్. డిసెంబర్ 18న వెళ్లి 22 ఉదయం తిరిగొచ్చేయాలని ప్లాన్. ఇల్లు చేరింది 26 రాత్రి. శీతాకాలంలో పెద్దవాళ్లను తీసుకుని ఇటువైపు వచ్చే మన వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి మాకు ఎదురైనవన్నీ దాచకుండా రాస్తున్నాను.

ముందు కొండల సంగతి. మూడు రాత్రులు బ్రెకెన్‌రిడ్జ్‌లో ఉన్నాం. చాలా అందమైన ఊరు. మెయిన్ స్ట్రీట్ అంతా దీపాలు, ఊళ్లో తిరగడానికి ఉచిత బస్సులు, కొండ ఎక్కడానికి గొండోలా, అంటే తీగ మీద వెళ్లే రోప్‌వే, కూడా ఉచితమే. మంచు ఆటలు ఆడనివాళ్లకు కూడా గొండోలా ప్రయాణం ఒక్కటి చాలు. అమ్మ పైకెళ్లి దిగి, మళ్లీ ఎక్కుదాం అంది. కానీ ఊరి ఎత్తు 9,600 అడుగులు. మొదటి రాత్రే నాన్నకు తలనొప్పి, మంచం మీద పడుకుంటే ఆయాసం. రెండో రోజుకి సర్దుకుంది గానీ ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మళ్లీ పెద్దవాళ్లతో వెళితే ఇక్కడ గది తీసుకోను. దారిలో 7,500 అడుగుల ఎత్తులో ఐడహో స్ప్రింగ్స్ ఉంది. రాత్రికి అక్కడ ఉండి, పగలు పైకి వెళ్లి రావచ్చు. గది అద్దెలు కూడా కాస్త అందుబాటులో ఉంటాయి.

తుఫాను వస్తోందని తెలియక ఇరుక్కోలేదు. వాతావరణ శాఖ రెండు మూడు రోజుల ముందు నుంచే, బుధవారం సాయంత్రం ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుందని చెబుతూనే ఉంది. 20న మా ఎయిర్‌లైన్ నుంచి కూడా మెసేజ్ వచ్చింది, ఛార్జీ లేకుండా తేదీ మార్చుకోవచ్చని. 21 ఉదయం ఫ్లైట్‌లో సీట్లున్నాయి. అందుకోసం బ్రెకెన్‌రిడ్జ్‌లో చివరి రాత్రి వదులుకోవాలి. ఆ గది డబ్బు తిరిగి రాదు. "కట్టేశాం కదా, ఉందాం" అన్నది నేనే. ఆ ఒక్క రాత్రి గది డబ్బుకు నాలుగింతలు తర్వాత ఖర్చయింది.

21న పదకొండుకు బయలుదేరాం. ఎయిర్‌పోర్ట్‌కు వంద మైళ్లు, మామూలుగా రెండు గంటలు. ఐ-70 హైవే మీద మోరిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు టైర్ల నిబంధన ఉంటుంది. టైరు గాడి లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలి. నాలుగు చక్రాలూ ఇంజిన్‌తో తిరిగే ఆల్ వీల్ డ్రైవ్ అయినా ఉండాలి, లేదా మంచుకు తగ్గ టైర్లో చెయిన్లో ఉండాలి. అద్దె కార్ల వాళ్లు దీన్ని అడిగితే తప్ప చెప్పరు. మాకు మొదట ఇవ్వబోయిన కారు మామూలు సెడాన్. మా ఆయన కౌంటర్ దగ్గరే నిలబడి ఆల్ వీల్ డ్రైవ్ బండి మార్పించుకున్నారు. ఆయన చేసిన మంచి పని అది. అయితే ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదలడానికి, ఎక్కడానికి పనికొస్తుంది గానీ ఐస్ మీద బ్రేకు వేస్తే ఆపడానికి కాదు. ఆ రోజు మా కళ్ల ముందు గుంటలోకి జారిన రెండు బండ్లూ పెద్ద ఎస్‌యూవీలే.

సిల్వర్‌థోర్న్ దాటి ఐజెన్‌హవర్ టన్నెల్‌కు ఎక్కే దారిలో మంచు మొదలైంది. ఆ టన్నెల్ 11 వేల అడుగుల పైన ఉంటుంది, పొడవు 1.7 మైళ్లు. అవతల ఇరుకైతే ఇవతలే బండ్లను ఆపి కొంచెం కొంచెంగా వదులుతారు. గంటకు పైగా ఆగాం. ముందు విసుగొచ్చింది. తర్వాత జార్జ్‌టౌన్ దగ్గర దిగేటప్పుడు, ఎంత దూరం దూరంగా వదిలారో చూశాక, అదే మమ్మల్ని కాపాడిందని అర్థమైంది. లారీలు పక్కనుంచి వెళితే అద్దం మీద మంచు పొడి కొట్టి రెండు మూడు సెకన్లు ఏమీ కనిపించదు. మా ఆయన ముందు బండి వెనక లైట్లు చూసుకుంటూ, బ్రేకు మీద కాలు పెట్టకుండా గేరు తగ్గించుకుంటూ దింపారు. "బాబూ, తొందరేం లేదు" అని నాన్న ఒక్కసారే అన్నారు. తర్వాత ఆయన కూడా మాట్లాడలేదు.

కొండలు దిగి గోల్డెన్ దగ్గరికొచ్చేసరికి రోడ్డు తడిగా ఉంది, అంతే. గండం గడిచిందనుకున్నాం. నిజానికి ఆ రోజు అన్నిటికన్నా ప్రమాదకరమైన ముక్క మిగిలే ఉంది. ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లే పెన్యా బూలెవార్డ్ రోడ్డు ఎక్కేలోపే గాలి తిరిగింది, ఆ తడి అంతా గాజుపలకలా గడ్డకట్టింది. కంటికి అది తడి రోడ్డులాగే కనిపిస్తుంది. అందుకే బ్లాక్ ఐస్ అంటారు. ముందు కార్ల చక్రాల నుంచి నీళ్లు చిమ్మడం ఆగిపోయిందంటే తడి ఐస్ అయిపోయిందని లెక్క. ఇది మాకు హోటల్ వ్యాన్ డ్రైవర్ చెప్పాడు, మర్నాడు.

ఎయిర్‌పోర్ట్ దగ్గర టవర్ రోడ్ మీద వరసగా హోటళ్లుంటాయి. మేం దిగిన హోటల్ గది బాగుంది, హీటర్ బాగుంది. రాత్రి తొమ్మిదికి ఉదయం ఫ్లైట్ రద్దయిందని మెసేజ్ వచ్చింది. 23 సాయంత్రం ఫ్లైట్‌కు మార్చారు. 22 పగలంతా గదిలోనే. మైనస్ 31లో మూతి బయటపెడితే ముక్కులో తడి గడ్డకడుతుంది. హోటల్ వ్యాన్ స్టార్ట్ కాలేదు. అమ్మ డాలస్ నుంచి మోసుకొచ్చిన చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, ఆవకాయ ఆ రోజు మమ్మల్ని ఆదుకున్నాయి. కుక్కర్ తేవద్దని నేనే ఇంటి దగ్గర గొడవపెట్టాను. మా పాప అన్నం తిని, కిటికీ అద్దం లోపలివైపు కట్టిన మంచు మీద బొమ్మలు గీసుకుంది.

23న కారు అప్పగించి మధ్యాహ్నానికే టెర్మినల్‌కు వెళ్లాం. గాలి తగ్గింది, ఎండ కూడా వచ్చింది. ఫ్లైట్ సాయంత్రం 6.40కి. బోర్డు మీద 7.15 అయింది, తర్వాత 7.50, తర్వాత 8.30. ఇలా ప్రతి అరగంటకూ అరగంట జరుపుతూ రాత్రి ఒంటి గంటకు రద్దు చేశారు. "ఎండ కాస్తుంటే విమానం ఎందుకు రాదు?" అని నాన్న అడిగారు. న్యాయమైన ప్రశ్న. తుఫాను డెన్వర్ దాటి తూర్పుకు వెళ్లింది. మాకు రావాల్సిన విమానం అక్కడెక్కడో ఆగి ఉంది. విమానం వచ్చేసరికి పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయాయి. చట్టం ప్రకారం ఆ గంటలు దాటి నడపకూడదు. అంత చలిలో కింద సామాను ఎక్కించేవాళ్లు, రెక్కల మీద మంచు కరిగించే మందు కొట్టేవాళ్లు ఎక్కువసేపు బయట నిలబడలేరు, మాటిమాటికీ లోపలికి రావాలి. దాంతో ప్రతి విమానానికీ ఆలస్యం పెరుగుతుంది. ఇదంతా అర్థం చేసుకోగలను. పైలట్ల టైము అయిపోతుందని సాయంత్రం ఎనిమిదికే తెలిసి ఉంటుంది కదా, అప్పుడే చెబితే డెబ్బై ఏళ్ల మనిషి అర్ధరాత్రి దాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోనక్కర్లేదు. చలి కన్నా అది ఎక్కువ బాధపెట్టింది.

ఇంకో తప్పు కూడా రాయాలి. నాన్న బీపీ మాత్రలు చెకిన్ చేసిన సూట్‌కేస్‌లో ఉన్నాయి. ఆయన జేబులో ఒక్క పూటకు సరిపడానే ఉన్నాయి. సూట్‌కేస్ వెనక్కి రావడానికి మూడున్నర గంటలు పట్టింది. ఆ రాత్రి బెల్టు దగ్గర వేల పెట్టెలు గుట్టలుగా ఉన్నాయి. బెల్టు పక్కన నిలబడ్డ ఆ మూడున్నర గంటలంత టెన్షన్ ఐ-70 మీద కూడా పడలేదు. మాత్రలు, వాటి చీటీ, ఇన్సూరెన్స్ కాగితం చేతిసంచిలోనే ఉండాలి. అదీ వారానికి సరిపడా.

టవర్ రోడ్ హోటళ్లన్నీ నిండిపోయాయి. టెర్మినల్‌ను ఆనుకుని ఉన్న హోటల్లో కూడా గది లేదు. మా ఆయన వరసగా ఫోన్లు చేస్తుంటే, అరోరాలో ఒక చిన్న మోటెల్ నడిపే గుజరాతీ ఆవిడ తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ ఎత్తారు. "ఒక్క గది ఉంది. అందులో హీటర్ బాగా చప్పుడు చేస్తుంది, పెద్దవాళ్లున్నారంటున్నారు కాబట్టి ముందే చెబుతున్నా" అన్నారు. హీటర్ నిజంగానే లారీలా మోగింది. దుప్పట్లు పాతవి. బాత్రూమ్ చిన్నది. ఈ ప్రయాణంలో మేం ఉన్న నాలుగు చోట్లలో నేను ఎవరికైనా ధైర్యంగా చెప్పేది మాత్రం ఆ మోటెలే. ఉదయం ఆవిడ మాకు అడక్కుండానే అల్లం టీ పంపించారు.

24న ఎయిర్‌లైన్ ఇచ్చిన తర్వాతి సీట్లు 27వి. కారులో వెళ్లిపోదాం అన్న మాట 22 రాత్రి నుంచే ఉంది. డాలస్‌లోని స్నేహితులు కూడా "పదమూడు గంటలే కదా, రాత్రికి రాత్రి వచ్చేయండి" అన్నారు. మమ్మల్ని ఆపింది వార్తలు. 23న ఒహాయో టర్న్‌పైక్ మీద సండస్కీ దగ్గర 46 వాహనాలు ఒకదానికొకటి గుద్దుకుని నలుగురు చనిపోయారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో మంచులో కూరుకుపోయిన కార్లలోనే మనుషులు ప్రాణాలు విడిచారు. అక్కడి ఎయిర్‌పోర్ట్ దగ్గర దాదాపు 52 అంగుళాల మంచు కురిసింది. బఫెలో ఉండే ఎరీ కౌంటీలో డ్రైవింగ్ బ్యాన్ 23 ఉదయం తొమ్మిదిన్నరకు గానీ రాలేదు. అప్పటికే చాలామంది పనులకు బయలుదేరిపోయారు. ఆ కౌంటీ ఒక్కదానిలోనే నలభై మందికి పైగా పోయారు. హెచ్చరిక రెండు గంటలు ముందు రావడం అంటే ఏమిటో ఆ మోటెల్ గదిలో టీవీ ముందు కూర్చుని నాకు తెలిసింది.

కొలరాడో రోడ్ల శాఖ వాళ్ల కోట్రిప్ సైట్‌ను మాత్రం మెచ్చుకోవాలి. ఏ రోడ్డు మూశారు, ఎక్కడ ఐస్ ఉంది, కెమెరాలో ఇప్పుడెలా కనిపిస్తోంది, అన్నీ ఉంటాయి. అలాగే ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి వెళ్లే ఏ-లైన్ రైలు. అప్పట్లో, 2022లో, 10 డాలర్ల 50 సెంట్లు, 37 నిమిషాల్లో యూనియన్ స్టేషన్. ఎయిర్‌పోర్ట్‌లో అద్దె కార్లు ఒక్కటి లేవు. ఊళ్లో ఉండే బ్రాంచిలో మా ఆయనకు 24 మధ్యాహ్నం ఒకటి దొరికింది, డాలస్‌లో అప్పగించేలా. మామూలు కన్నా చాలా ఎక్కువ తీసుకున్నారు. అయినా రాత్రికి బయలుదేరలేదు. రెండు దుప్పట్లు, నీళ్లు, టార్చి, చిన్న పార కొన్నాం. ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోవాలని, బండి మంచులో ఆగిపోతే ఇంజిన్ వేసేముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలని, లేకపోతే విషవాయువు లోపలికి వస్తుందని మోటెల్ ఆవిడ భర్త చెప్పారు.

25 ఉదయం ఎండెక్కాక కదిలాం. ఐ-25 మీద దక్షిణానికి వెళితే కాజిల్ రాక్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. దర్శనం చేసుకుని, నాన్న అక్కడ కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాక, ప్యూబ్లో, ట్రినిడాడ్ మీదుగా రాటన్ పాస్ ఎక్కాం. రోడ్డు ఎండలో పొడిగా ఉంది, కొండనీడ పడ్డచోట మాత్రం ఐస్ మిగిలింది. చీకటి పడేలోపు టెక్సాస్‌లోని అమరిల్లో ఊరు చేరాలని నియమం పెట్టుకున్నాం గానీ కుదరలేదు, చివరి గంటన్నర చీకట్లోనే నడిపాం. అమరిల్లోలో ఉన్నది హైవే పక్క మామూలు హోటల్, ఒక రాత్రికి సరిపోతుంది, అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

టికెట్ డబ్బు గురించి ఒక మాట. విమానం వాళ్లే రద్దు చేసి, మీరు వేరే ఫ్లైట్ వద్దనుకుంటే, నాన్ రిఫండబుల్ టికెట్ అయినా డబ్బు వెనక్కి ఇవ్వాలి. వోచర్ తీసుకోమంటారు, తీసుకోనవసరం లేదు. వాతావరణం వల్ల రద్దయితే హోటల్, భోజనం ఇవ్వాలని మాత్రం నిబంధన లేదు. మా క్రెడిట్ కార్డులో ప్రయాణం ఆలస్యానికి బీమా ఉంది కాబట్టి హోటల్ రసీదులు పంపితే కొంత వచ్చింది. రసీదులన్నీ నాన్నే డైరీలో పెట్టి ఉంచారు.

26 రాత్రి ఎనిమిదికి ఫ్రిస్కోలో ఇంటి తలుపు తీశాం. ఆ చలి టెక్సాస్‌ను కూడా వదల్లేదు, మా వీధిలో రెండిళ్లలో పైపులు పగిలాయి. మా ఇల్లు చీకటిగా ఉంది, వంటింట్లో నీళ్ల చప్పుడు వినిపించింది. పక్కింటి ఖమ్మం వాళ్లు, మేం ఇరుక్కున్నామని తెలిసి, 22 సాయంత్రమే మేమిచ్చిన తాళంచెవితో వచ్చి పైపులు గడ్డకట్టి పగలకుండా ప్రతి కుళాయినీ సన్నధారగా వదిలి వెళ్లారు. అమ్మ చెప్పులైనా విప్పకుండా వెళ్లి సింకు కింద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది.