గిన్నెలో పప్పా, కుక్కర్‌లో పప్పా? వేడి ఎటు పోతోందో చూడండి

మా ఇంట్లో చాలాకాలం కందిపప్పు మూత లేని గిన్నెలోనే ఉడికేది, గ్యాస్ ఎందుకంత తొందరగా అయిపోతోందో లెక్క వేసి చూసేదాకా నాకు అర్థం కాలేదు. లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి 100కి రావడానికి దాదాపు 293 కిలోజౌల్స్ చాలు. కానీ మరగడం మొదలయ్యాక అందులో పావు లీటరు ఆవిరైపోతే, దానికే ఇంకో 565 దాకా ఖర్చవుతుంది, అంటే కాచడానికి పట్టినదానికి దాదాపు రెట్టింపు! ఆ శక్తి ఎక్కడా మాయం కాలేదు. ఆవిరితో పాటు వెళ్లి, ఆ ఆవిరి వంటింటి కిటికీ అద్దం మీద నీటిచుక్కలైనప్పుడు ఆ అద్దాన్ని వేడెక్కించింది, పప్పుకి మాత్రం దక్కలేదు. మంట పెంచినా నీళ్లు 100 దాటవు, ఆవిరే ఎక్కువ పోతుంది.

కుక్కర్‌లో అలా కాదు. ఆవిరి లోపలే ఉండిపోయి ఒత్తిడి పెరుగుతుంది, నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, పప్పు త్వరగా మెత్తబడుతుంది. అయితే విజిల్ వచ్చిన ప్రతిసారీ కొంత వేడి బయటికి పోయినట్టే, అందుకే మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టేయండి.

నా ఓటు కుక్కర్‌కే. గిన్నెలోనే వండాలనుకుంటే మంట తగ్గించి, పొంగకుండా మూత కొంచెం ఓరగా పెట్టండి.